తొంభై టిక్కీలు.. నేలకు అంటుకున్న క్లచ్!

మా బండిని ఊళ్లో అందరూ 'డీసీఎం' అనే అంటారు. నిజానికి అది ఆ కంపెనీది కాదు. 1980ల్లో డీసీఎం-టొయోటా పేరుతో ఓ చిన్న లారీ వచ్చింది. ఆ కంపెనీ పేరు మారింది, ఆ లారీలూ కనుమరుగయ్యాయి. అయినా మన వైపు పద్నాలుగు అడుగుల బండి ఎవరు తయారుచేసినా డీసీఎమ్మే. నాన్న పదిహేనేళ్లుగా నడుపుతున్నది అలాంటి బండినే. మా చదువులు, అక్క పెళ్లి, ఇంటి మీద వేసిన స్లాబు.. అన్నీ దాని సంపాదనే.

మాది కురిచేడుకీ వినుకొండకీ మధ్య ఓ పల్లె. కురిచేడు ప్రకాశం జిల్లా. వినుకొండ 2022 దాకా గుంటూరు జిల్లా, ఇప్పుడు పల్నాడు. జిల్లాల పేర్లు ఎలా మారినా నేల మాత్రం ఒకటే నల్లరేగడి. పత్తి, మిరప. కాయ ఎండాక కల్లంలో టిక్కీలు తొక్కి, బండికెత్తి, వినుకొండ, నరసరావుపేట, ఫిరంగిపురం మీదుగా గుంటూరు మిర్చి యార్డుకు తోలడం మా పని. ఒక వైపే వంద కిలోమీటర్లు దాటుతుంది.

ఇక్కడ చెప్పేది 2025 మార్చిలో ఓ గురువారం సంగతి. మిర్చి రైతుకు ఆ ఏడాది ఎలా గడిచిందో మీ ఇంట్లో వ్యవసాయం ఉంటే గుర్తుండే ఉంటుంది. రెండేళ్ల కిందట క్వింటా ఇరవై వేలు దాటిన ధర దాదాపు సగానికి పడిపోయింది. ఫిబ్రవరిలో కేంద్రం మార్కెట్ జోక్యం పథకం కింద క్వింటాకు 11,781 రూపాయలు అని ప్రకటించాల్సి వచ్చింది. కూలి డబ్బులు కూడా వస్తాయో రావో తెలియక రైతులంతా కిందా మీదా పడుతున్న రోజులవి. ఆ మధ్యాహ్నం మా బండిలో తొంభై టిక్కీలు ఎత్తారు. మూడిళ్ల సరుకు. అందులో ముప్పై మా పెదనాన్నవి. శుక్రవారం తెల్లారేసరికి యార్డులో ఉండాలి. శని, ఆదివారాలు అక్కడ కొనుగోళ్లుండవు. శుక్రవారం తప్పితే ఇక సోమవారమే. ఈలోపు ధర ఎటు పోతుందో ఎవరు చెప్పగలరు?

బండి పొలం దారిలోంచి రోడ్డెక్కి మా ఇంటి ముందుకొచ్చేసరికి క్లచ్ పెడల్ నేలకు అంటుకుంది. తొక్కితే పైకి రాదు. కాలి వేలితో లాగితే వస్తుంది, మళ్లీ తొక్కితే దూదిలో కాలు పెట్టినట్టు దిగిపోతుంది.

నాన్న తెలిసిన మెకానిక్‌కి ఫోన్ చేశారు. ఆయన బండి చూడకుండానే తేల్చేశాడు.. "ప్లేటు పోయుంటది. గేర్‌బాక్స్ దించాల్సిందే. సరుకు దింపేసి పెట్టు, సోమవారం చూద్దాం." ప్లేటు, ప్రెషర్ ప్లేటు, బేరింగ్, కూలి కలిపి ఆయన చెప్పిన అంకె విని అమ్మ లోపలికి వెళ్లిపోయింది. ఆ సీజన్లో అప్పటిదాకా వచ్చిన కిరాయిలన్నీ కలిపినా అంత లేదు.

నాన్న ఇంకో దారి ఆలోచించారు. "క్లచ్ లేకపోతే ఏందమ్మాయ్? సెకండ్ గేర్లో పెట్టి సెల్ఫ్ కొడితే కదిలిద్ది. రేజింగ్ చూసుకుంటా గేర్లు మార్చుకుంటా పోతా. ఒకప్పుడు ఒంగోలు నుంచి అట్టాగే తోలుకొచ్చా."

పాత డ్రైవర్లు అది చేయగలరు. నేనూ కాదనను. కానీ అది ఖాళీ రోడ్డు మీద, ఖాళీ బండితో చేసే పని. సీజన్లో యార్డు దగ్గర బళ్ల వరస మీరు చూశారో లేదో.. పది అడుగులు కదలడం, ఆగడం, మళ్లీ పది అడుగులు. బళ్ల మధ్య నుంచి హమాలీలు, టీ కుర్రాళ్లు, నిద్ర కళ్లతో రైతులు దూరిపోతుంటారు. అక్కడ నాలుగు టన్నుల బండి సెల్ఫ్ కొట్టగానే ముందుకు దూకితే? దాన్ని మించిన సంగతి ఇంకోటుంది. మా బండిలో క్లచ్‌కీ బ్రేకుకీ ఆయిల్ వెళ్లేది ఒకే డబ్బాలోంచి. క్లచ్ వైపు ఎక్కడో కారుతుంటే ఆ డబ్బా తగ్గుతోందన్నమాట. ఈ మాట చెప్పాక నాన్న తాళంచెవి జేబులో పెట్టుకున్నారు.

నరసరావుపేటలో బీటెక్ మెకానికల్ చదివా. క్లాసులో అమ్మాయిలం నలుగురమే. చదివినదాంతో అప్పటికి ఉద్యోగమేమీ రాలేదుగానీ, ఒక్కటి మాత్రం అలవాటైంది. పానా పట్టుకునే ముందు లక్షణం చూడటం.

అసలు హైడ్రాలిక్ క్లచ్ ఏంటంటే, ఇంటర్లో చదివిన పాస్కల్ సూత్రమే. పెడల్ తొక్కితే పైన ఉన్న మాస్టర్ సిలిండర్లో పిస్టన్ కదులుతుంది. అది నెట్టిన ద్రవం సన్న గొట్టంలోంచి కిందికెళ్లి, గేర్‌బాక్స్ దగ్గరున్న స్లేవ్ సిలిండర్ని నెడుతుంది. మన మెకానిక్‌లు వీటిని పై సిలిండర్, కింది సిలిండర్ అంటారు. కింది సిలిండర్ కడ్డీ ఒక ఫోర్కును, అది రిలీజ్ బేరింగ్‌ను నెడితే ప్రెషర్ ప్లేటు పట్టు వదులుతుంది. ఇంజిన్‌కీ గేర్‌బాక్స్‌కీ సంబంధం తెగుతుంది, గేరు మెత్తగా పడుతుంది. ఇందులో సగం భాగం గేర్‌బాక్స్ బయటే ఉంది. దాన్ని ఇంటి దగ్గర చూడొచ్చు. మిగతా సగం లోపల ఉంది, దానికి గేర్‌బాక్స్ దించాల్సిందే. రోగం ఎటు వైపుందో తెలుసుకోకుండా దించడమంటే పంటి నొప్పికి కడుపు కోయడం లాంటిదే.

ముందు ఇంజిన్ ఆపి గేర్లు వేసి చూశా. అన్నీ వెన్నలా పడ్డాయి. అంటే గేర్‌బాక్స్‌తో పేచీ లేదు. నాన్నని స్టార్ట్ చేసి క్లచ్ తొక్కి రివర్స్ వేయమన్నా. కిర్ర్ మని అరిచింది. అంటే క్లచ్ వదలడం లేదు. ఇక్కడే మెకానిక్ మాటకీ బండి మాటకీ తేడా వచ్చింది. ప్లేటు అరిగిపోతే సాధారణంగా దీనికి తిరగబడి జరుగుతుంది. ఇంజిన్ ఊగిపోతుంది, బండి మాత్రం కదలదు, కాలిన వాసన వస్తుంది. మా బండి అరగంట కిందే తొంభై టిక్కీలతో ఇసుక దారిలోంచి సెకండ్ గేర్లో నిక్షేపంగా పైకొచ్చింది. పట్టు బ్రహ్మాండంగా ఉంది. పోయింది పట్టు కాదు, పట్టు వదిలించే శక్తి. లోపల ప్రెషర్ ప్లేటు విరిగినా ఇలా జరగొచ్చు, కాదనను. కానీ పెడల్‌కి బరువే తెలియడం లేదంటే ముందు చూడాల్సింది ద్రవాన్నే.

డబ్బా మూత తీశా. మట్టం 'మిన్' గీత కిందికి దిగింది. రంగు చూస్తే డికాక్షనే. కొత్తప్పుడు అది దాదాపు నీళ్లలా, లేత పసుపులో ఉండాలి.

తర్వాత ఫోన్ పనికొచ్చింది. చక్రాలకు ముందూ వెనకా రాళ్లు పెట్టి, హ్యాండ్‌బ్రేక్ లాగి, తాళంచెవి తీసేశాం. లోడున్న బండికి జాకీ వేసే ప్రశ్నే లేదు, ఉన్న ఎత్తులోనే దూరా. కింది సిలిండర్ పక్కన స్టీలు స్కేలు ఆనించి, ఫోన్‌ను స్లో మోషన్లో పెట్టి బయటికొచ్చా. నాన్న పెడల్ తొక్కారు. వీడియో చూస్తే కడ్డీ కదిలింది నాలుగు మిల్లీమీటర్లే. (అంతా బాగయ్యాక మళ్లీ కొలిచా, పద్నాలుగు వచ్చింది.) అదే వీడియోలో ఇంకోటి కనిపించింది. కడ్డీ మీది రబ్బరు తొడుగు చివర ఓ బొట్టు తయారై రాలింది.

తొడుగు వెనక్కి లాగితే అరచెంచాడు నల్లటి ద్రవం చేతిలో పడింది. దొంగ దొరికాడు. కింది సిలిండర్ రబ్బరు సీలు పోయింది.

ఇదే బొట్టు క్యాబిన్ లోపల, పెడల్ కడ్డీ వెంట కనిపించి ఉంటే తప్పు పై సిలిండర్‌ది. ఎక్కడా చుక్క కారకుండా, తొక్కి పట్టుకుంటే పెడల్ మెల్లగా కిందికి దిగిపోతుంటే కూడా ఎక్కువగా అదే. దాని లోపలి సీలు దాటి ద్రవం వెనక్కి జారుతోందని అర్థం. నాలుగుసార్లు పంపు కొడితే గట్టిపడి, కాసేపటికి మళ్లీ మెత్తబడితే గొట్టంలో గాలి చేరినట్టు. పెడల్ తొక్కినప్పుడల్లా లోపల గరగర వినిపిస్తే రిలీజ్ బేరింగ్ సంగతి చూడాలి, అది మాత్రం ఇంటి పని కాదు.

మా పెదనాన్న కొడుకు బైకేసుకుని వినుకొండ వెళ్లాడు. వాడికి రెండే చెప్పా. పాత సిలిండర్ మీది నంబరు ఫొటో చూపించి ఆ కిట్టే తేవాలి. బ్రేక్ ఆయిల్ సీలు తీయని చిన్న సీసా కావాలి. కొట్టులో వాళ్లు పెద్ద డబ్బాలోంచి వంచి పోసిస్తామంటారు, వద్దు.

దాన్ని మనమంతా 'బ్రేక్ ఆయిల్' అంటాంగానీ అసలది ఆయిలే కాదు. గ్లైకాల్ జాతి ద్రవం. చాలా బళ్ల కొంప ముంచేది ఈ పేరే. ఆయిలే కదా అని కాస్త ఇంజిన్ ఆయిల్ పోస్తే లోపలి రబ్బరు సీళ్లన్నీ ఉబ్బిపోతాయి. అప్పుడు ఒక కిట్టుతో పోయేది రెండు సిలిండర్లు, గొట్టం, మా లాంటి బండిలో బ్రేకుల దాకా వెళ్తుంది. ఓ ముచ్చట తెలుసా? తొలినాళ్ల బ్రేకుల్లో ఆముదం, ఆల్కహాల్ కలిపిన ద్రవమే వాడేవారు. అప్పటి సీళ్లు సహజ రబ్బరువి కాబట్టి సరిపోయింది. మా తాత "ఆముదం పొయ్యండిరా" అన్నది అందుకే కాబోలు. ఇప్పటి సీళ్లకు అది పడదు తాతా అని చెప్పి పంపించేశా.

ఈ ద్రవానికి ఇంకో గుణముంది. గాలిలోని తేమను పీల్చుకుంటుంది. డబ్బా మీద రాసే డాట్ 3, డాట్ 4 అన్నవి దాని గ్రేడులు. కొత్త డాట్ 3 ద్రవం కనీసం 205 డిగ్రీల దాకా మరగకూడదు, అందులో 3.7 శాతం నీరు చేరాక అది 140కి పడినా ప్రమాణం ఒప్పుకుంటుంది. డాట్ 4కి ఆ లెక్క 230, 155. మరగడం బ్రేకుల సమస్యే అనుకోండి. క్లచ్‌కి అంత వేడి ఉండదు. క్లచ్‌కి ఆ నీరు చేసే చెడు వేరు. సిలిండర్ గోడకు తుప్పు పట్టిస్తుంది. ఆ గరుకు మీద ప్రతిసారీ రుద్దుకుని సీలు పెదవి తెగిపోతుంది.

మా బండికి జరిగింది ఇదే. నాన్న మోకాలి నొప్పితో అంతకుముందు ఆరేడు నెలలు బండి తీయలేదు. పత్తి సీజనంతా అది వేపచెట్టు కింద వానకు తడుస్తూ నిలబడింది. అందరూ బండి తిరిగి తిరిగి పాడవుతుందనుకుంటారు. ఇది నిలబడి పాడైంది. మన దగ్గర సీజన్ బళ్లన్నిటికీ ఉన్న జబ్బే ఇది. ట్రిప్పులు మొదలైన కొద్ది వారాలకే క్లచ్‌లు, బ్రేకులు వరసగా మొరాయిస్తాయి. సీజన్ పని ఎక్కువైందని దాని మీదికి తోసేస్తాం.

తమ్ముడు తిరిగొచ్చేసరికి చీకటి పడింది. సిలిండర్ ఊడదీసి, గుడ్డ చుట్టి, సైకిల్ పంపుతో మెల్లగా గాలి కొడితే పిస్టన్ బయటికొచ్చింది. మొహం దగ్గర పెట్టుకుని ఈ పని చేయకండి, తూటాలా వస్తుంది. లోపల తుప్పు బురద. స్పిరిట్‌తో తుడిచి, గోడ మీద గోరు నడిపించి చూశా. గోరు ఎక్కడైనా తట్టుకుంటే కిట్టు దండగ, సిలిండరే మార్చాలి. మాకు చివర్లో మరక తప్ప సీలు తిరిగే చోట నున్నగానే ఉంది. పెట్రోలు, డీజిలుతో కడగలేదు, రబ్బరుకు అవి పడవు. కొత్త సీలును బ్రేక్ ఆయిల్లోనే తడిపి, దాని పెదవి ద్రవం వైపు ఉండేలా ఎక్కించా. తిరగేసి పెడితే మొత్తం పని మళ్లీ మొదటికే.

ఇక గాలి తీయాలి. మామూలుగా ఇద్దరుండాలి, మేం ముగ్గురం. మా ఊరి ఆర్ఎంపీ డాక్టర్ దగ్గర వాడని సెలైన్ ట్యూబ్ అడిగి తెచ్చా. ఒక కొస కింది సిలిండర్ నిపుల్‌కి, రెండో కొస కాస్త బ్రేక్ ఆయిల్ పోసిన సీసాలోకి. నాన్న మోకాలు సహకరించదని పెడల్ దగ్గర అమ్మ కూర్చుంది. జీవితంలో డ్రైవర్ సీటెక్కడం అదే మొదటిసారి. నాన్న టార్చ్ పట్టుకున్నారు, డబ్బా ఖాళీ అవకుండా చూసే పని కూడా ఆయనదే.

"తొక్కమ్మా.. పట్టుకో.." నిపుల్ పావు చుట్టు విప్పుతా, బుడగలు వస్తాయి, బిగిస్తా. "ఇప్పుడు వదులు." నిపుల్ తెరిచి ఉండగా పెడల్ వదిలితే బయటి గాలిని మళ్లీ లోపలికి పీల్చుకుంటుంది. అందుకే ఆ వరస తప్పకూడదు. అమ్మ ఒక్కసారి కూడా తప్పలేదు. పదిసార్లయ్యాక తనే "పట్టుకున్నా.. ఊఁ, విప్పు" అని నాకు చెప్పడం మొదలుపెట్టింది.

ఇరవై, ముప్పై సార్లు చేశాం. బుడగలు ఆగాయి. పెడల్ మాత్రం ఇంకా సగం మెత్తగానే ఉంది. టైమ్ తొమ్మిదిన్నర. రోడ్డు మీద మంచం వేసుక్కూర్చున్న పెదనాన్న ఏమీ అనలేదుగానీ, వేరే బండి వాళ్లకు ఫోన్ చేస్తున్నారు. నాన్న నా వంక చూశారు. "ప్లేటేనేమో అమ్మాయ్."

కిందే పడుకుని గొట్టం దారి మొత్తం టార్చ్‌తో చూశా. పై సిలిండర్ దగ్గర్నుంచి దిగిన గొట్టం ఛాసిస్ దాటేచోట ఒంటె మూపులా పైకి లేచి మళ్లీ దిగింది. గాలి బుడగ స్వభావం పైకి పోవడం. మనమేమో దాన్ని పెడల్‌తో కిందికి తోయాలని చూస్తున్నాం. ఒక్కో తొక్కుకి కాస్త దిగి, మళ్లీ ఆ మూపులోకే ఎక్కి కూర్చుంటోంది. దాన్ని దాని దారినే పోనివ్వాలి. అంటే ద్రవాన్ని కింద నుంచి పైకి ఎక్కించాలి.

అందుకు పెద్ద సిరంజి కావాలి. మా ఊళ్లో గేదెలకు మందు పట్టే లావుపాటి సిరంజి కొత్తది ఒకటి పాల కేంద్రం బాబాయ్ దగ్గర దొరికింది. పై డబ్బాలోంచి కొంత ద్రవం తీసేసి చోటు చేశాం. సిరంజి నిండా కొత్త ద్రవం పట్టి, అందులో బుడగ లేకుండా చూసి, ట్యూబుతో నిపుల్‌కి తగిలించి మెల్లగా నొక్కా. పైన నాన్న గొంతు.. "వస్తన్నయ్.. బుడగలొస్తన్నయ్! గోలీసోడా కొట్టినట్టు!"

మూడు సిరంజీలు పట్టింది. నాలుగోసారి ఒక్క బుడగా రాలేదు. నిపుల్ బిగించి అమ్మను తొక్కమన్నా. "గట్టిగా ఉందే!" అంది. కంగారుగా చెప్పింది, అది మంచి వార్తని తెలియక.

వెంటనే బయల్దేరలేదు. ఇంజిన్ ఆన్ చేసి, బ్రేక్ మీద కాలు పెట్టి, ఫస్ట్ గేర్లో క్లచ్ రెండు నిమిషాలు తొక్కే ఉంచమన్నా. బండి ముందుకు లాగలేదు, పెడల్ దిగలేదు. అంటే పై సిలిండర్ కూడా బాగానే ఉంది. బ్రేక్ పెడల్ గట్టిగా ఉందో లేదో, డబ్బా మట్టం తగ్గిందో లేదో ఇంకో రెండుసార్లు చూసుకున్నాం. ఒంటిగంటకి బయల్దేరాం. నాన్న పక్కన నేనూ ఎక్కా. నరసరావుపేటలో టీకి ఆగినప్పుడు కిందికి దూరి తొడుగు తడిమి చూశా. పొడిగా ఉంది.

యార్డు దగ్గర బళ్ల వరసలో గంటన్నర. ఆ గంటన్నరలో నాన్న క్లచ్ ఎన్నిసార్లు తొక్కారో లెక్కపెడదామని మొదలుపెట్టి, నూటయాభై దాటాక నిద్రపోయా. పొద్దున ధర గొప్పగా ఏమీ రాలేదు. పెదనాన్న టిక్కీలు పోయినవారం ధరకే పోయాయి, మిగతా ఇద్దరికీ కొంచెం తక్కువే. కానీ అమ్ముడయ్యాయి.

మళ్లీ వారం ఆదివారం పూట పాత ద్రవమంతా తీసేసి, బ్రేకుల వైపు కూడా కొత్తది ఎక్కించాం. బ్రేకుల పని మాత్రం నేను ఇంట్లో పెట్టుకోలేదు, వినుకొండలో చేయించాం. ఇప్పుడు బండి ఖాళీగా ఉన్నా పదిహేను రోజులకోసారి నాన్నో, నేనో స్టార్ట్ చేసి క్లచ్, బ్రేకులు పాతికసార్లు తొక్కుతాం. రెండేళ్లకోసారి ద్రవం మార్చాలని డబ్బా మూత లోపల మార్కర్‌తో తేదీ రాసిపెట్టా.

ఇది చదివి పెద్ద లారీల కిందికి దూరకండి. పది, పన్నెండు టైర్ల బళ్లలో క్లచ్‌కి ఎయిర్ సాయంతో పనిచేసే బూస్టర్ ఉంటుంది. అక్కడ ద్రవంతోపాటు గాలి ఒత్తిడి లెక్కా చూడాలి. కొన్ని కొత్త బళ్లలో కింది సిలిండర్ గేర్‌బాక్స్ లోపలే బేరింగ్ చుట్టూ ఉంటుంది. అది కారితే బయటికి సరిగ్గా కనిపించకపోవచ్చు, దించక తప్పదు.

ఆ తర్వాత నెలలో మా వీధికి రెండు డీసీఎంలు వచ్చాయి, రెండిటి డ్రైవర్ల చేతుల్లో సెలైన్ ట్యూబులే. మొదటిదానికి పై సిలిండర్ సీలు పోయింది, రెండు గంటల్లో అయిపోయింది, పెడల్ తొక్కింది అమ్మే. రెండోదానికి పెడల్ రాయిలా ఉంది, ఎక్కుడులో ఇంజిన్ అరుస్తోందేగానీ బండి ఎక్కడం లేదు. మెకానిక్ ప్లేటు పోయిందన్నాడట, వాళ్లు నమ్మక నా దగ్గరికి తెచ్చారు. నిపుల్ ఒక్కసారి విప్పి చూశా, లోపల ఇరుక్కున్న ఒత్తిడేమీ లేదు, జారడం తగ్గలేదు. మెకానిక్ చెప్పిందే నిజం, దించేయండి అని వినుకొండ పంపించేశా.